స్టాండ్ మీద పాత కారు ఇంజన్: టెస్ట్ టెక్నీషియన్ తెలుసుకోవాల్సినవి

అమెరికాలో సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకి ఇంజన్లు తయారుచేసి ఇచ్చే చిన్న షాపులున్నాయి. మెకానికల్, ఏరోనాటికల్ చదివి అక్కడికి వెళ్లినవాళ్లకి, కార్ల వర్క్‌షాపులో చేయి తిరిగినవాళ్లకి అలాంటి చోట టెస్ట్ స్టాండ్ పని దొరకవచ్చు. మీ ముందుకొచ్చే ఇంజన్ తొంభై ఏళ్లు దాటిన ఫోర్డ్ మోడల్ ఏ కావచ్చు, 1960ల నాటి షెవర్లే కొర్వేర్ కావచ్చు, ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ది కావచ్చు. మూడూ కారు కోసం తయారైనవే.

ఈ పనిలో మొదటి రోజే అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. స్టాండ్ మీద ఇంజన్ బాగా నడిచిందంటే అది ఎగరడానికి పనికొస్తుందని తేలినట్టు కాదు. దాన్ని పక్కన పెట్టాల్సిన కారణం ఇంతవరకు దొరకలేదని మాత్రమే. మీకు జీతం ఇచ్చేది ఆ కారణాలు వెతకడానికి. ఓనర్‌కి, కస్టమర్‌కి మాత్రం "పాస్" అన్న మాట కావాలి. ఈ రెండింటి మధ్య రోజూ ఒత్తిడి ఉంటుంది. అది ఉండదనుకుని చేరితే మొదటి సీజన్‌లోనే ఇబ్బంది పడతారు.

కస్టమర్ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. మిన్నెసోటా రాష్ట్రంలోని చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే మెకానిక్ మోడల్ ఏ ఇంజన్‌తో ఎయిర్ క్యాంపర్ అనే రెండు సీట్ల విమానం కట్టారు. కారు ఇంజన్‌తో విమానం ఎగరదని రాసిన పత్రిక ఎడిటర్‌కి చూపించడానికి 1930లో రెండు విమానాలు మినియాపోలిస్‌కి తీసుకెళ్లారు. ఆ ప్లాన్లు చూసి ఇప్పటికీ కడుతున్నవాళ్లున్నారు. అయితే ఆయన కారులోంచి తీసిన ఇంజన్‌ని ఉన్నదున్నట్టు బిగించలేదు. ఇంజన్‌ని వెనక్కి తిప్పి ఫ్లైవీల్ వైపు ప్రొపెల్లర్ పెట్టారు, ఇగ్నిషన్‌కి మాగ్నెటో వాడారు, ఆయిల్ దారి మార్చారు. "పీటెన్‌పోల్ ఎగరేశాడు కదా" అని కస్టమర్ అన్నప్పుడు, ఆయన చేసిన మార్పుల్లో ఈ ఇంజన్‌కి ఎన్ని జరిగాయని అడగండి. జవాబు సగంలో ఆగితే మీ టెస్ట్ ప్లాన్ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

కారులో, విమానంలో లోడ్ వేరు. మోడల్ ఏ ఇంజన్ సుమారు 3.3 లీటర్లది, నాలుగు సిలిండర్లు, కంప్రెషన్ రేషియో 4.22, 2,200 ఆర్‌పీఎం దగ్గర 40 హార్స్‌పవర్. కారు రోడ్డు మీద మామూలుగా పోతున్నప్పుడు ఆ 40లో కొంతే వాడుకుంటుంది. గేర్ మారుస్తారు, ఇంజన్‌కి ఊపిరి దొరుకుతుంది. విమానంలో టేకాఫ్ నుంచి క్లైంబ్ అయ్యేదాకా థ్రాటిల్ పూర్తిగా తెరిచే ఉంటుంది. ఆ తర్వాత కూడా మూడొంతుల పవర్‌తో గంటలకొద్దీ పోతుంది. కాబట్టి పది నిమిషాలు ఐడిల్‌లో, రెండు నిమిషాలు ఫుల్ థ్రాటిల్‌లో నడిపి చేసిన టెస్ట్‌ని టెస్ట్ అనకూడదు. అది స్టార్ట్ అవుతుందో లేదో చూసుకోవడం.

పవర్ కొలిచే పద్ధతి నుంచి మొదలుపెడదాం. కొన్ని షాపుల్లో ఇంజన్‌ని క్రాంక్ ఇరుసు చుట్టూ తిరగగలిగే తొట్టెలో కూర్చోబెట్టి, పక్కకి ఒక ఆర్మ్ బిగించి, దాని కొసను తూకం మీద ఆనిస్తారు. ఆర్మ్ 1 మీటర్, తూకం మీద 13.5 కిలోలు, 2,000 ఆర్‌పీఎం అనుకుందాం. టార్క్ 13.5 కేజీ-మీటర్లు. దాన్ని ఆర్‌పీఎంతో గుణించి 716తో భాగిస్తే 37.7 హార్స్‌పవర్ వస్తుంది. లెక్క సులువే, తప్పు కొలతలో వస్తుంది. గట్టి ఫ్యూయల్ హోస్ తొట్టెని ఒక పక్కకి లాగుతుంది. ఎగ్జాస్ట్ పైపు పక్కకి ఊదితే ఆ తోపు కూడా తూకంలో కలుస్తుంది. ప్రొపెల్లర్ వెనక మెలితిరిగే గాలి తొట్టెకి తగిలితే అంకె మళ్లీ మారుతుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు, హోస్‌లన్నీ తగిలించి, నీళ్లు, ఆయిల్ నింపి తూకాన్ని సున్నా చేయండి. రన్ అయ్యాక మళ్లీ సున్నాకి వచ్చిందో లేదో చూడండి. రాకపోతే ఆ రన్ అంకెలు లాగ్‌లో ఉంచండి, పక్కనే "నమ్మదగినవి కావు" అని రాయండి. కొట్టేయకండి.

టార్క్ ఆర్మ్ లేని చోట ప్రొపెల్లరే మీ కొలత. ఒకే ప్రొపెల్లర్, ఒకే గాలి సాంద్రత ఉంటే అది తీసుకునే పవర్ ఆర్‌పీఎం ఘనంతో పెరుగుతుంది. ఈ ఒక్క సంబంధం చేతిలో ఉంటే చాలా వాదనలు తీరిపోతాయి. ఒక ఇంజన్ కిందటి నెల ఫలానా ప్రొపెల్లర్‌తో 2,000 తిరిగింది, ఇవాళ అదే ప్రొపెల్లర్‌తో 1,900 తిరిగింది. "వందే కదా తగ్గింది" అంటారు. 0.95 ఘనం 0.857. అంటే పవర్ 14 శాతం దాకా పోయింది. 40 హార్స్‌పవర్‌లో ఐదారు పోతే, ఇద్దరు కూర్చున్న విమానం వేసవి మధ్యాహ్నం రన్‌వే చివర చెట్లు దాటడం కష్టమవుతుంది. వాల్వ్ అతుక్కుందా, టైమింగ్ జారిందా, ఒక సిలిండర్ చచ్చుబడిందా అని వెతికాకే తర్వాతి రన్. ఐడిల్‌లో కాసేపు నడిపి ఆపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ఒక్కో ఎగ్జాస్ట్ పోర్ట్ చూస్తే చల్లగా ఉన్న సిలిండర్ వెంటనే దొరుకుతుంది. పోల్చే రోజుల్లో గాలి కూడా ఒకేలా ఉండాలి. ఎదురుగాలి ప్రొపెల్లర్ మీద భారం తగ్గించి ఆర్‌పీఎం పెంచి చూపిస్తుంది. గాలి లేని పొద్దుటి పూట రన్ పెట్టుకోవడం మంచిది. ఉష్ణోగ్రత, పీడనం ప్రతి రన్‌కీ రాయాలి.

ఈ లెక్కంతా ట్యాకోమీటర్ సరిగ్గా ఉంటేనే. పాత మెకానికల్ ట్యాకో 100 ఆర్‌పీఎం తప్పు చూపడం వింతేమీ కాదు. అదే 14 శాతం పవర్ తేడా అని ఇప్పుడే చూశాం. చేతిలో పట్టుకునే ఆప్టికల్ ట్యాకో దగ్గర పెట్టుకోండి, దాన్ని కూడా పరీక్షించండి. అమెరికాలో కరెంటు 60 సైకిల్స్ కాబట్టి మామూలు ట్యూబ్‌లైట్ సెకనుకి 120 సార్లు మిణుకుతుంది. ట్యాకోని రెండు బ్లేడ్‌ల సెట్టింగ్‌లో పెట్టి ట్యూబ్‌లైట్ వైపు చూపితే 3,600 చూపాలి. మన దేశంలో 50 సైకిల్స్ కాబట్టి 3,000 చూపాలి. ఇందులోనే ఒక హెచ్చరిక కూడా ఉంది: షెడ్డులో ట్యూబ్‌లైట్ కింద ప్రొపెల్లర్‌ని కొలిస్తే మీకు లైటు అంకె రావచ్చు. బయట పగటి వెలుతురులో కొలవండి.

కూలింగ్ దగ్గర కొర్వేర్, ఫోక్స్‌వ్యాగన్ ఇంజన్లు ఎక్కువగా పాడవుతాయి. ఇవి గాలితో చల్లబడేవి. కారులో వీటికి సొంత ఫ్యాన్, దాని చుట్టూ రేకు తొడుగు ఉండేవి. విమానానికి మార్చేటప్పుడు అవి పోతాయి. స్టాండ్ మీద ప్రొపెల్లర్ ఎదురుగానే తిరుగుతోంది కదా, గాలి సరిపోతుందని అనుకుంటారు. ప్రొపెల్లర్ మధ్య భాగం నుంచి గాలి చాలా తక్కువగా వస్తుంది, అదీ సిలిండర్ రెక్కల మధ్యకి దూరదు, పక్క నుంచి జారిపోతుంది. బాఫిల్ రేకులు, పైన గాలి నిలిపే పెట్టె బిగించకుండా ఫుల్ థ్రాటిల్ ఇస్తే కొద్ది నిమిషాల్లో అల్యూమినియం హెడ్ దెబ్బతింటుంది. ఆ తర్వాత అది టెస్ట్‌లో పోయిందా, ముందే పోయిందా అన్న గొడవ మీ మెడకి చుట్టుకుంటుంది. ప్రతి సిలిండర్‌కీ ప్లగ్ కింద సెన్సర్ పెట్టండి. ఒక్క సిలిండర్‌కే పెట్టి మిగతావి దాని లెక్కే అనుకోవద్దు. మోడల్ ఏ నీళ్ల ఇంజన్ కాబట్టి ఈ బాధ తక్కువ, కానీ రేడియేటర్ విమానంలో ఉండే ఎత్తులోనే స్టాండ్ మీదా ఉండాలి. కింద పెట్టి టెస్ట్ చేస్తే మీరు కొలిచింది వేరే కూలింగ్ సిస్టమ్‌ని.

ఫ్యూయల్ విషయంలో కూడా ఇదే పొరపాటు. స్టాండ్‌కి ట్యాంకు తల మీద ఎత్తుగా వేలాడదీస్తారు, పెట్రోలు ధారగా దిగుతుంది, టెస్ట్ బాగుంటుంది. విమానంలో ట్యాంకు అంత ఎత్తున ఉండదు, క్లైంబ్‌లో ముక్కు పైకి లేస్తే కార్బురేటర్‌కి, ట్యాంకుకి మధ్య ఎత్తు ఇంకా తగ్గుతుంది. గ్రావిటీ ఫీడ్‌కి అందరూ పాటించే కొలత, టేకాఫ్‌లో ఖర్చయ్యేదానికి ఒకటిన్నర రెట్లు ధార రావాలని. మోడల్ ఏ పూర్తి పవర్‌లో గంటకి 15 లీటర్లు తాగుతుందనుకుందాం. ఒకటిన్నర రెట్లంటే 22.5 లీటర్లు, నిమిషానికి 375 మిల్లీలీటర్లు. కార్బురేటర్ దగ్గర పైపు విప్పి, ట్యాంకులో అడుగున కొద్దిగా పెట్రోలు ఉంచి, ముక్కు క్లైంబ్ కోణంలో పైకెత్తి, కొలజాడీలో ఒక నిమిషం పట్టండి. 375 రాకపోతే ఇంజన్ ఎంత బాగున్నా ఎగరకూడదు. ఈ పరీక్షకి ఇంజన్ ఆన్ చేయాల్సిన పని కూడా లేదు. అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే. పాత కార్బురేటర్లలో, సెడిమెంట్ బౌల్‌లో కార్క్ గాస్కెట్లు ఉంటాయి. అమెరికా బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో ఆ కార్క్‌కి పడని ఇథనాల్ పది శాతం దాకా కలిసి ఉంటుంది కాబట్టి ఏ పెట్రోలుతో టెస్ట్ చేశారో, బిల్డర్ ఏది పోయబోతున్నాడో రెండూ రాసుకోండి.

ఆయిల్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోడల్ ఏలో పంపు ఆయిల్‌ని వాల్వ్ ఛాంబర్‌కి ఎత్తుతుంది, అక్కడి నుంచి అది తన బరువుతో మెయిన్ బేరింగ్‌లకి దిగుతుంది. కనెక్టింగ్ రాడ్‌ల కింద ఉన్న చెంచాల్లాంటి ముక్కలు ట్రేలో ఆయిల్‌ని ఎగజిమ్మితే రాడ్ బేరింగ్‌లకి అందుతుంది. రోడ్డు మీద కారు ఎత్తు ఎక్కేది కొద్దిసేపే, విమానం క్లైంబ్ మాత్రం నిమిషాలు సాగుతుంది. ఆయిల్ అంతా ఒక చివరికి చేరితే రెండో చివరి రాడ్ ఎండిపోతుంది. స్టాండ్‌ని సమతలంగా మాత్రమే నడిపితే ఇది ఎప్పటికీ బయటపడదు. ముక్కు 12 నుంచి 15 డిగ్రీలు పైకి లేపే ఏర్పాటు స్టాండ్‌కి ఉండాలి. ఆ కోణంలో ఫుల్ థ్రాటిల్ రన్ చేయాలి, ఆ తర్వాత ఆయిల్ తీసి చూడాలి. ఈ ఇంజన్‌కి ఫిల్టర్ లేదు కాబట్టి వేడిగా ఉన్నప్పుడే తెల్ల గుడ్డలోంచి వడకట్టండి. వెండిలా మెరిసే, అయస్కాంతానికి అతుక్కోని రేకులు కనబడితే అది బాబిట్, అంటే బేరింగ్ లోహం. అతుక్కుంటే ఇనుము, ఎర్రగా ఉంటే బుష్ కంచు. కొత్తగా పోసిన బాబిట్‌కి మొదటి రన్‌లో కొంచెం పొడి రావడం మామూలే, రేకులు రావడం కాదు. రేకులు వస్తే పాన్ దించి చూడాల్సిందే, "ఇంకో గంట నడిపి చూద్దాం" అన్న మాటకి ఒప్పుకోవద్దు. ఆ గంటలో క్రాంక్‌షాఫ్ట్ కూడా పోవచ్చు.

స్టాండ్ మీద ఏ విధంగానూ పరీక్షించలేనిది క్రాంక్‌షాఫ్ట్. కారులో అది తిప్పే బలాన్ని మోస్తే చాలు. విమానంలో ప్రొపెల్లర్ ముందుకి లాగుతుంది, పైగా విమానం ముక్కు పైకో పక్కకో తిప్పిన ప్రతిసారీ తిరుగుతున్న ప్రొపెల్లర్ జైరోస్కోప్‌లా ఎదురుతిరిగి క్రాంక్ కొసను వంచుతుంది. స్టాండ్ కదలదు కాబట్టి ఆ వంపు లోడ్ రానే రాదు. 2000ల దశకంలో కొర్వేర్ ఇంజన్లతో ఎగిరిన విమానాల్లో క్రాంక్‌షాఫ్ట్‌లు పగుళ్లు పట్టి విరిగిన ఘటనలున్నాయి. ఆ తర్వాతే క్రాంక్‌ని నైట్రైడింగ్ చేయించడం, ప్రొపెల్లర్ వైపు ఐదో బేరింగ్ అదనంగా పెట్టడం వాడుకలోకి వచ్చాయి. కాబట్టి కూర్చే ముందు క్రాంక్‌కి మాగ్నెటిక్ పార్టికల్ ఇన్‌స్పెక్షన్ అయిందా, జర్నల్ అంచుల దగ్గర గుండ్రని ఫిల్లెట్ నునుపుగా ఉందా అన్నవి కాగితం మీద చూపమని అడగండి. కాగితం లేకపోతే లాగ్ మొదటి పేజీలో "క్రాంక్ ఇన్‌స్పెక్షన్ రికార్డు ఇవ్వలేదు" అని రాయండి. మీరు చేయగలిగిన కొలత ఒకటుంది: రన్‌కి ముందు, తర్వాత డయల్ ఇండికేటర్‌తో క్రాంక్ ముందువెనకల ఆట. అది పెరుగుతూ పోతుంటే థ్రస్ట్ తీసుకునే బేరింగ్ అరుగుతోందని అర్థం. కారు క్రాంక్‌కి మెటల్ ప్రొపెల్లర్ బిగిస్తామంటే ఒప్పుకోకండి. చెక్క ప్రొపెల్లర్ వణుకును కొంత మింగుతుంది, మెటల్‌ది ఆ వణుకునంతా క్రాంక్‌కే తిప్పికొడుతుంది.

ఇక మీ ప్రాణం సంగతి. మాగ్నెటోకి బ్యాటరీతో పని లేదు. స్విచ్ ఆఫ్ చేయడమంటే మాగ్నెటో నుంచి వచ్చే వైరుని బాడీకి కలపడం. ఆ వైరు ఎక్కడైనా తెగితే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో ఆన్‌లోనే ఉంటుంది. కార్ల నుంచి వచ్చినవాళ్లకి ఇది తలకిందుల లెక్క, ఎందుకంటే బ్యాటరీ-కాయిల్ ఇగ్నిషన్‌లో వైరు తెగితే ఇంజన్ ఆగుతుంది. ప్రతి రన్ చివర ఐడిల్‌లో ఒక్క క్షణం స్విచ్ ఆఫ్ చేసి ఇంజన్ చావబోతోందని నిర్ధారించుకోండి. తర్వాత ఫ్యూయల్ వాల్వ్ మూసి, కార్బురేటర్ ఎండిపోయి ఇంజన్ దానంతట అది ఆగేలా చేయండి. ప్రొపెల్లర్‌ని చేత్తో ఒక అంగుళం జరపాల్సి వచ్చినా, అది స్టార్ట్ కాబోతోందన్నట్టే నిలబడండి. మోడల్ ఏలో స్పార్క్ లీవర్ వెనక్కి పెట్టకుండా తిప్పితే ఎదురుతన్ని చేతి ఎముక విరుగుతుంది. తిరిగే ప్రొపెల్లర్ పక్కన, దాని తలంలో, ఎవరూ ఉండకూడదు. ఓనర్ స్నేహితుడు ఫోన్‌తో వీడియో తీస్తానని వస్తాడు, వెనక్కి పంపండి. 40 హార్స్‌పవర్ ఇంజన్ ప్రొపెల్లర్ నూరు కిలోల చుట్టుపక్కల బలంతో లాగుతుంది. చక్రాల ట్రైలర్ మీద స్టాండ్ అయితే చెక్క ముక్కలు అడ్డం పెట్టడం చాలదు, నేలలో దిగిన గుంజకి గొలుసుతో కట్టాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఆపరేటర్ చేతికి అందాలి, గోడ దగ్గర కాదు.

ఒత్తిడి ఎక్కువయ్యేది జూలైలో. విస్కాన్సిన్‌లోని ఓష్‌కోష్‌లో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ ఏటా జూలై చివర్లో భారీ మేళా జరుపుతుంది. కస్టమర్లందరికీ ఆ తేదీకి విమానం కావాలి. మూడు వారాల ముందు ఒకాయన వచ్చి "ఇంజన్ ఎంత నడిపావో అంత చాలు, బిగించేస్తాను" అంటాడు. మీ ఓనర్ కూడా తలూపుతాడు. మీరు వాదనకి దిగకండి, లెక్క చూపండి. సర్టిఫై కాని ఇంజన్‌తో కట్టిన విమానానికి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ మామూలుగా 40 గంటల ఫ్లైట్ టెస్టింగ్ పెడుతుంది, సర్టిఫై అయిన ఇంజన్, ప్రొపెల్లర్ జోడీకి 25. ఆ గంటలు అయ్యేదాకా కేటాయించిన ప్రాంతం దాటి పోకూడదు, ప్రయాణికుల్ని ఎక్కించుకోకూడదు. మూడు వారాల్లో బిగించి, ఇన్‌స్పెక్షన్ ముగించి, 40 గంటలు ఎగిరి ఓష్‌కోష్ చేరడం సాధ్యం కాదని ఆయనే ఒప్పుకుంటాడు. అప్పుడు స్టాండ్ టైమ్ కుదించాల్సిన పని ఉండదు. ఎఫ్‌ఏఏ అడ్వైజరీ సర్క్యులర్ 90-89లో ఇంజన్ టెస్ట్‌కి విడిగా భాగం ఉంది. అది ప్రింట్ తీసి స్టాండ్ దగ్గర ఉంచండి. మీ మాట కంటే ఆ కాగితానికి బరువు ఎక్కువ.

లాగ్‌లో ఏం రాస్తారన్నదే రేపు మిమ్మల్ని కాపాడేది. "ఇంజన్ ఎగరడానికి సిద్ధం" అని ఎప్పుడూ రాయకండి, ఎవరు అడిగినా సంతకం పెట్టకండి. రాయాల్సింది ఇలా ఉండాలి: ఫలానా తేదీన, 24 డిగ్రీల ఉష్ణోగ్రతలో, ఫలానా చెక్క ప్రొపెల్లర్‌తో, ముక్కు 12 డిగ్రీలు ఎత్తి, 1,950 ఆర్‌పీఎం దగ్గర 20 నిమిషాలు నడిపాం, ఆయిల్ ప్రెషర్ మొదట ఇంత, చివర ఇంత, వడకట్టిన ఆయిల్‌లో రేకులు లేవు, కార్బురేటర్ హీట్ పెట్టినప్పుడు ఆర్‌పీఎం ఇంత తగ్గింది. చూసింది రాస్తున్నారు, తీర్పు చెప్పడం లేదు. కార్బురేటర్ హీట్ పెట్టినా ఆర్‌పీఎం తగ్గకపోతే అది పనిచేయడం లేదని కూడా రాయండి. పొడి వాతావరణంలో స్టాండ్ మీద కార్బురేటర్‌లో ఐస్ పట్టదు, తేమగా చల్లగా ఉన్న రోజు గాల్లో పడుతుంది.

మీ సొంత కాగితాల గురించి రెండు మాటలు. హెచ్-1బి మీద ఉంటే, స్పాన్సర్ చేసిన కంపెనీకి కాక మరో షాపులో శనాదివారాలు డబ్బుకి పని చేయడం, ఆ షాపు మీ కోసం వేరే పిటిషన్ వేస్తే తప్ప, అనుమతి లేని పని కిందకే వస్తుంది. చేతికి క్యాష్ ఇస్తామన్నా అంతే. ఈ రంగంలో నిలబడాలనుకుంటే ఎఫ్‌ఏఏ మెకానిక్ సర్టిఫికెట్ వైపు చూడండి. ఎయిర్‌ఫ్రేమ్, పవర్‌ప్లాంట్ రెండింటికీ కలిపి పని అనుభవం ద్వారా వెళ్లేవాళ్లకి 30 నెలలు కావాలి. ఏ అనుభవం లెక్కకొస్తుందో ఇన్‌స్పెక్టర్ నిర్ణయిస్తాడు కాబట్టి, చేసిన పని, తేదీ, ఎవరి పర్యవేక్షణలో చేశారో మొదటి వారం నుంచే రాసి సంతకాలు తీసుకోండి. ఏళ్ల తర్వాత గుర్తుతెచ్చుకుని రాసిన జాబితాకి విలువ ఉండదు.

ఇంజన్‌ని స్టాండ్ నుంచి దించేటప్పుడు ప్రొపెల్లర్ హబ్‌కి ఒక ట్యాగ్ కట్టండి. ఫ్యూయల్ ధార, కూలింగ్, మాగ్నెటో గ్రౌండ్ ఈ మూడూ విమానంలో బిగించాక మళ్లీ కొలవాలని దాని మీద రాసి, లాగ్ కాపీతో కలిపి బిల్డర్‌కి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని షాపు ఫైల్‌లో పెట్టండి.